మనోడు కాని గోల్‌కీపర్

బర్మా క్యాంపు, విశాఖపట్నం
24 ఫిబ్రవరి 2025

బావమరిది సత్తిబాబుకి,

నువ్వు, చెల్లెమ్మ పైడితల్లి, పిల్లలు బాగున్నారని తలుస్తాను. మేం బాగాలేం. హాకీ సెమీఫైనల్ ఓడిపోయిన ఇంట్లో ఎవరు బాగుంటారు చెప్పు? మీ అక్క మూడు రోజులుగా నాతో మాట్లాడటం మానేసింది. ఓడిపోయింది వాల్తేరు వేవ్స్ అయితే తన వంకాయ కూరకి వంకలు పెడుతున్నానట.

నువ్వు కూడా చూసే ఉంటావు. రెండు రెండు మీద ఆట ఆగింది, షూటవుట్‌లో పోయింది. ఇంత పేరున్న టీమ్, ఇంత ఖర్చు, ఆటలన్నీ ఎక్కడో ఉత్తరాదిన ఒకే ఊళ్లో పెడతారు కాబట్టి మన టీమ్‌ని మనమే టీవీలో చూసుకోవాలి. సరే, అదీ భరించాం. ఇప్పుడు ఆరునెలల పైన ఖాళీ. జూన్ ఆఖరికి ఎవరిని ఉంచుకుంటారో, ఎవరిని వదిలేస్తారో జాబితా ఇస్తారు. అభిమానుల సంఘానికి అధ్యక్షుడిని కాబట్టి మేనేజరు నన్నూ ఒక మాట అడుగుతాడు. నా మాట ముగ్గురి మీద. మోకాళ్లు అరిగిపోయిన కెప్టెన్‌ని పంపెయ్యాలి. పెనాల్టీ కార్నర్ కొట్టడానికే వచ్చి కార్నర్లన్నీ వృథా చేసిన ఆ బెల్జియం వాణ్ణి పంపెయ్యాలి. మూడోవాడు గోల్‌కీపర్, ఆంగ్ మ్యో.

కిందటేడు జనవరిలో వాడివి పిల్లి కళ్లని మెచ్చుకుంటూ నేనే నీకు రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. షూటవుట్‌లో రెండుసార్లు ఆలస్యంగా ముందుకొచ్చాడు. పైగా విదేశీ ఆటగాడి కోటాలో ఒక చోటు తింటున్నాడు. హెల్మెట్టుకున్న ఆ ఇనప జాలీ వెనక మొహం ఎలా ఉంటుందో కూడా తెలియదు. మీ రంగూన్ వాడేనట, నీకేమైనా తెలుసా? నాకు ఆ పేరు వింటేనే ఒళ్లు మండుతుంది. అరవైనాలుగులో రంగూన్ నుంచి మమ్మల్ని వెళ్లగొట్టి ఓడెక్కించినప్పుడు రేవులో మా నాన్న చేతి గడియారం ఊడబెరుక్కున్నవాడి పేరులో కూడా ఒక ఆంగ్ ఉంది. నాకప్పుడు ఏడేళ్లు, అయినా గుర్తుంది.

అమర్ సింగపూర్‌లోనే ఉన్నాడా? వాడి పెళ్లి మాట ఏమైంది? ఫోన్ చేద్దామంటే మీ లైన్లు కలిసి చావవు. కలిసినా నేను అరుస్తానని నువ్వే పెట్టేస్తావు. కాబట్టి ఉత్తరమే నయం.

మీ బావ
జగదీశ్వరరావు


తాకేటా, రంగూన్
19 మార్చి 2025

బావకి నమస్కారం.

నీ ఉత్తరం గోపీకృష్ణ తెచ్చిచ్చాడు. ఇది కూడా అతనితోనే పంపుతున్నాను. వచ్చే వారం సరుకు కోసం కలకత్తా వెళ్తున్నాడు, అక్కడ పోస్టులో వేస్తాడు.

సెమీఫైనల్ మేమూ చూశాం. ఆ పూట కరెంటు లేదు. ఇంజిను పెట్టుకున్న టీ కొట్టులో ఒక్క ఫోన్ చుట్టూ పదకొండు మందిమి కూర్చున్నాం. నాకు అక్కకున్నంత ఓపిక లేదు కాబట్టి సూటిగా రాస్తున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ మాట. తొమ్మిది పెనాల్టీ కార్నర్లు వస్తే మనవాళ్లు వేసింది ఒక్క గోలు. అవతలివాళ్లకి ఏడొస్తే ఆ కుర్రాడు ఆరు ఆపాడు. అందులో ఒకటి మెడ మీద తగిలితే పడిలేచి, మళ్లీ కొట్టిన బంతిని ఎడమకాలితో తన్నాడు. అతను లేకపోతే ఆట షూటవుట్ దాకా వచ్చేదే కాదు. ఆలస్యంగా ముందుకొచ్చాడంటావా, మొదటిసారి వచ్చాడు, ఒప్పుకుంటాను. రెండోసారి మాత్రం అవతలివాడు కర్ర అడ్డం తిప్పి మోసం చేశాడు. నిదానంగా వేసి చూపించినప్పుడు చూడు.

కెప్టెన్‌ని పంపు, బెల్జియం వాణ్ణి పంపు, నాకేం అభ్యంతరం లేదు. గోల్‌కీపర్ జోలికి మాత్రం పోకు. ఆ కుర్రాడు మా తాకేటా వాడే. చిన్నప్పటినుంచి ఆడటం చూశాను. ఎవరి కొడుకని అడగకు. ఆట చూసి చెప్పు. నీకో జబ్బుంది బావా, మనోడంటే కళ్లు మూసుకుని పొగుడుతావు, పరాయివాడంటే కళ్లు తెరిచి తిడతావు. ఈ ఒక్కసారి ఆ రెండూ మానేసి చూడు.

అమర్ వచ్చాడు. వాళ్లమ్మకి కంటి ఆపరేషన్ అయ్యేదాకా ఉంటానన్నాడు. పైడితల్లి ఒక కంటితో వాణ్ణి చూసి రెండు కళ్లతో ఏడ్చింది. పెళ్లిమాట ఎత్తితే లేచిపోతున్నాడు.

నీ
సత్తిబాబు


బర్మా క్యాంపు, విశాఖపట్నం
22 ఏప్రిల్ 2025

సత్తిబాబుకి,

నువ్వు రాసిందంతా చదివాను. మీ పేటవాడని వెనకేసుకొస్తున్నావు, అది సహజమే. నాకు జబ్బుందన్నావు. ఉంటే ఉండనీ. అరవై ఏళ్లుగా ఆ జబ్బుతోనే బతికి బట్టకట్టాం. మనోళ్లు మనోళ్లని పట్టుకుని ఉండకపోతే ఈ క్యాంపులో మేమందరం ఎప్పుడో చెట్టుకొకరం పుట్టకొకరం అయిపోయేవాళ్లం.

ఇక్కడ ఒక మంచి కబురు. మన అచ్చెన్న లేడూ, వాళ్ల నాన్న మా నాన్నతో కలిసి ఒకే ఓడలో వచ్చాడు, అతని కొడుకు రాజబాబుకి పందొమ్మిదేళ్లు. గోల్‌కీపర్. జిల్లా అంతటా వాడికి పోటీ లేదు. వేవ్స్ వాళ్లు కిందటేడు వాణ్ణి ప్రాక్టీసుకి పిలిచి, బంతులు ఏరించి పంపేశారు. ఎందుకంటే చోటు లేదట. చోటు ఎవరు తిన్నారో నీకు తెలుసు.

అందుకని సంఘం తరఫున ఒక మహజరు రాశాం. ఫోన్‌లో కూడా పెట్టాం. "మన ఊరి టీమ్‌కి మన ఊరి గోల్‌కీపర్. మనోడు కాని గోల్‌కీపర్ మనకెందుకు?" ఆ రెండో వాక్యం నాదే. మొదటి సంతకం కూడా నాదే. ఉగాదికి మొదలుపెడితే ఇప్పటికి పదకొండొందల మంది చేశారు. వీధిలో నడుస్తుంటే జనం నమస్కారం పెడుతున్నారు. ఈ వయసులో ఒక పని చేస్తున్నానన్న తృప్తి నాకు చాలా రోజుల తర్వాత కలిగింది.

కోపం తెచ్చుకోకు. ఆటలో మాటలు ఇంటిదాకా రాకూడదు. చెల్లెమ్మ కన్ను ఎలా ఉంది?

మీ బావ
జగదీశ్వరరావు


తాకేటా, రంగూన్
27 మే 2025

బావకి,

పైడితల్లికి ఆపరేషన్ బాగానే అయింది. కళ్లద్దాలు ఇచ్చారు.

ఆట పక్కన పెట్టి ఒక సంగతి రాస్తున్నాను. నింపాదిగా చదువు. ఇలాంటివి కాగితం మీద పెట్టకూడదు. గోపీకృష్ణ సరుకు సంచి అడుగున పెట్టుకుని తెస్తున్నాడు కాబట్టి ధైర్యం చేశాను.

ఆ గోల్‌కీపర్ కుర్రాడు సెలవులకి ఇంటికొచ్చాడు. ఇక్కడ పద్దెనిమిది దాటి ముప్పై అయిదు లోపున్న మగపిల్లల్ని సైన్యంలోకి తీసుకుంటున్నారని నీకు తెలుసు. పేర్లన్నీ వార్డు ఆఫీసులో వేసి చీట్లు తీస్తారు. ఈ నెల మొదట్లో తీసినప్పుడు వాడి పేరు వచ్చింది. వానలు తగ్గేలోపు రమ్మంటారు. వెళ్లినవాళ్లని ఎక్కడికి పంపుతున్నారో ఎవరూ చెప్పరు. మా వెనక సందులోంచి కిందటేడు ఇద్దరు వెళ్లారు. ఒకడి గురించి కబురు లేదు. రెండోవాడి గురించి వచ్చింది, రాకపోతేనే బాగుండేది.

ఒక్క దారి ఉంది. బయటిదేశంలో ఆడటానికి కాంట్రాక్టు ఉన్నవాళ్లకి ఆటల సంఘం అనుమతి ఇప్పిస్తోంది. దానికి వేవ్స్ వాళ్ల కాగితం కావాలి. జూన్ జాబితాలో పేరుంటే కాగితం వస్తుంది, వాడు విమానం ఎక్కుతాడు. పేరు లేకపోతే ట్రక్కు ఎక్కుతాడు. అంతే.

వాళ్లమ్మ మొన్న మా వంటింట్లో కూర్చుని ఒకటే గోల. "నా గుంటడు గోలు కాడ నిలబడి ఆపీవోడే గానీ ఎవుణ్నీ కొట్టీవోడు కాడు. ఆడి సేతికి తుపాకీ ఏటి? ఎవుల్ని సంపమంటారు ఆణ్ని?" అంది.

మీ మహజరు మీకు సరదా. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. రాజబాబు మంచి ఆటగాడే అయ్యుంటాడు. వాడికి పందొమ్మిదేళ్లు, వచ్చే ఏడు ఆడతాడు, పై ఏడు ఆడతాడు. దాని వల్ల వాడు చచ్చిపోడు. మహజరు వెనక్కి తీసుకో బావా. నిన్ను నేను ఇంతవరకు ఏమీ అడగలేదు, ఇది అడుగుతున్నాను. వాడు ఎవరి కొడుకైనా కానీ, ఒక తల్లి కొడుకు కదా.

నీ
సత్తిబాబు


బర్మా క్యాంపు, విశాఖపట్నం
3 జులై 2025

సత్తిబాబుకి ఆశీస్సులు.

పేపరు ముక్క ఇందులో పెట్టాను, చూడు. జాబితా వచ్చేసింది. కెప్టెన్‌ని ఉంచారు, వెధవ బుద్ధి. బెల్జియం వాణ్ణి పంపారు. ఆంగ్ మ్యోని వదిలేశారు. రెండో గోల్‌కీపర్‌గా మన రాజబాబు.

మొత్తం నాలుగువేల రెండొందల సంతకాలయ్యాయి. కోచ్ ఆ బర్మా కుర్రాణ్ణే ఉంచమని పట్టుబట్టాడట. మేనేజరే నాతో అన్నాడు, "మీ సంతకాల కట్ట ఓనరుగారి బల్ల మీద పెట్టాకే నిర్ణయం మారిందండీ" అని. క్యాంపులో ఆ సాయంత్రం మిఠాయి పంచాం. రాజబాబు వచ్చి నా కాళ్లకి దండం పెట్టాడు. అచ్చెన్న నా చెయ్యి పట్టుకుని అలా నిలబడిపోయాడు. ఇంత సంతోషం చూసి నీకు రాయకుండా ఉండలేకపోయాను.

నీ మే నెల ఉత్తరం జూన్ పదికి అందింది. దాచడం ఎందుకు, రెండుసార్లు చదివాను, కొంచెం బాధ కలిగింది. అప్పటికి మహజరు మేనేజరు చేతికి వెళ్లలేదు, ఆపాలంటే ఆపొచ్చు. కానీ జాలి వేరు, గోలు వేరు. వాళ్ల దేశం, వాళ్ల సైన్యం, వాళ్ల కుర్రాడు. మనల్ని వెళ్లగొట్టినప్పుడు వాళ్లలో ఏ తల్లీ మన కోసం ఏడవలేదు. నువ్వు మెత్తనివాడివి, ఇరుగుపొరుగు ఏడిస్తే నీకు నిద్ర పట్టదు. కొన్నాళ్లకి సర్దుకుంటుంది.

నాకు భయమల్లా మన అమర్ గురించి. వాడికీ ఇరవైనాలుగు కదా. చీట్లలో వాడి పేరు రాకముందే సింగపూర్ పంపేయ్. ఏ కాగితం కావాలన్నా, ఎవరి సంతకం కావాలన్నా రాయి. మనోడి కోసం ఎవరి కాళ్లైనా పట్టుకుంటాను.

మీ బావ
జగదీశ్వరరావు


తాకేటా, రంగూన్
24 జులై 2025

బావా,

ఆంగ్ మ్యో అంటే అమర్.

మీరు ఓడెక్కి వెళ్లాక ఇక్కడ ఉండిపోయినవాళ్లం ఎలా బతికామో నువ్వు ఎప్పుడూ అడగలేదు. బడిలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు. గుర్తింపు కార్డు మీద బర్మా పేరుంటే ఆఫీసుల్లో పని తొందరగా అవుతుంది, అందుకని పెట్టుకున్నాం. నా కార్డు మీద ఊ సేన్ విన్ అని ఉంటుంది. పైడితల్లి కార్డు మీద డా ఖిన్ ఏ. అమ్మవారి గుడిలో మాత్రం అందరం తెలుగు పేర్లతోనే కొబ్బరికాయ కొట్టిస్తాం. నువ్వు అరవైనాలుగులో చూసిన రంగూన్‌లో మనోళ్లకి ఒక్కటే పేరు. అది అక్కడే ఆగిపోయింది నీ మనసులో.

వాడు సింగపూర్ వెళ్లలేదు. రెండేళ్లుగా మీ టీమ్‌లోనే ఉన్నాడు. నేనెందుకు దాచానో చెబుతాను. వాడు మొదటి ఆట ఆడినప్పుడు నువ్వు పిల్లి కళ్లని రాశావు. ఎవరో తెలియకుండా రాశావు. ఆ ఉత్తరం నేను వాడికి ఫోన్‌లో చదివి వినిపించాను. మావయ్యకి మనోడని తెలిస్తే ఇంద్రుడు చంద్రుడు అంటాడు, తెలియకుండా అన్నదే మెప్పు అనుకున్నాం తండ్రీ కొడుకులం. ఇంకో ఏడాది ఆడాక చెబుదాం, అదిరిపోతాడు అనుకున్నాం. తర్వాత నువ్వు తిట్టడం మొదలుపెట్టావు. అప్పుడు చెబితే నీ తిట్లకి జడిసి చెప్పినట్టుంటుందని నాకు రోషం వచ్చింది.

మే నెలలో ఉత్తరం రాసేటప్పుడు "వాడు నా కొడుకు" అని ఒక వాక్యం రాశాను. కొట్టేసి మళ్లీ వేరే కాగితం మీద రాశాను. ఒక తల్లి కొడుకంటే చాలదా, నా బావ అంత కానివాడా అనుకున్నాను. ఆ తప్పు నాది. దాన్ని నీ మీద వెయ్యను.

కానీ వాళ్లమ్మ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాశాను. గుంటడు, ఆపీవోడు, ఏటి. బర్మావాళ్ల తల్లి ఎక్కడైనా ఆ యాసలో ఏడుస్తుందా? రెండుసార్లు చదివానన్నావు.

జాబితా వచ్చిన రోజు వాడు ఫోన్‌లో మీ మహజరు తెరిచాడు. పైనున్న పేరు చూసి నా దగ్గరికి తెచ్చి, "నాన్నా, ఈ జగదీశ్వరరావు మావయ్యేనా ఏటి?" అన్నాడు. ఆ పేరుతో వైజాగ్‌లో వందమంది ఉంటారన్నాను. వాడు కింద బర్మా క్యాంపు అని ఉన్న చోట వేలు పెట్టి చూపించి, ఫోన్ ఆపేశాడు.

సత్తిబాబు


బర్మా క్యాంపు, విశాఖపట్నం
16 ఆగస్టు 2025

సత్తిబాబూ,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. పాతికసార్లు ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మీ అక్క నా మొహం చూడటం లేదు.

మర్నాడే మేనేజరు దగ్గరికి వెళ్లాను. విదేశీ కోటా నిండిపోయిందట. ఎవరో మలేషియా వాణ్ణి తీసుకున్నారు. గోల్‌కీపర్ కూడా కాదు, ముందు ఆడేవాడు. ఒక్క కాగితం ఇవ్వండి, ఆడించకపోయినా ఫరవాలేదని బతిమాలాను. జాబితాలో లేనివాడికి కాగితం ఇస్తే లీగ్ వాళ్లు ఊరుకోరన్నాడు. ఇంకో మహజరు మొదలుపెట్టాను, అమర్‌ని వెనక్కి తీసుకోమని. ముప్పైనాలుగు సంతకాలయ్యాయి, అందులో పద్దెనిమిది మా చుట్టాలవే. అచ్చెన్న ఇంటికి వెళ్తే గుమ్మంలోనే ఆపేశాడు. "మొన్నే కదేటి మనోడు కాదని ఊరంతా సెప్పించినావు. ఇప్పుడు మనోడైపోనాడా? మా గుంటడి నోటికాడ కూడు లాగీడానికొచ్చినావా బావూ?" అన్నాడు.

ఒకటి మాత్రం నువ్వు తెలుసుకోవాలి. మా సంతకాల వల్ల జరగలేదట ఇది. కోచ్ ముందే అనుకున్నాడట. మేనేజరే చెప్పాడు. మేం సంతకాలు పెట్టినా పెట్టకపోయినా ఇంతేనట.

నువ్వు ఒక్క మాట రాసుంటే, సత్తీ. ఒక్క మాట. నేను మూర్ఖుణ్ణే, కానీ నా మేనల్లుడని తెలిస్తే ఆ కాగితాలన్నీ నేనే చింపి పొయ్యిలో పెట్టేవాణ్ణి. ఆ సంగతి నీకు తెలియదా? మొహం కనపడదు, పేరు మనది కాదు, నేనేం చేసేది?

టీమ్ గోడౌన్‌లో అమర్ ప్యాడ్లు, హెల్మెట్టు ఉన్నాయి. నేను తీసుకుని ఇంట్లో పెట్టుకున్నాను. గోపీకృష్ణ ఎప్పుడు వస్తాడో చెబితే కలకత్తా వెళ్లి అతని చేతికిచ్చి వస్తాను. ఇంకేం చేయమంటావో రాయి. ఏదైనా చేస్తాను. ఒక్క ముక్క రాయి.

నీ బావ
జగదీశ్వరరావు


తాకేటా, రంగూన్
12 సెప్టెంబర్ 2025

జగదీశ్వరరావు గారికి,

మీ ఉత్తరం అందింది. ఈ నెల మూడో తేదీ పొద్దున్న వార్డు ఆఫీసుకి పేరు పిలిచారు. అమర్ వెళ్లాడు. పారిపోతే ఇంట్లో ఇంకొకరిని పట్టుకెళ్తారని వాడికి తెలుసు. ఇంట్లో మిగిలిన మగవాణ్ణి నేను. పైడితల్లి పజుండాంగ్ వంతెన దాకా ట్రక్కుల వెనక నడిచింది. కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయి వెళ్లింది. ఏ ట్రక్కులో ఉన్నాడో కనపడలేదని వచ్చి చెప్పింది.

మీరు ఇప్పుడు పరిగెత్తడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా పరిగెత్తారు, దానికి దండం. సంతకాల వల్ల కాదన్నారు. జులైలో సంతకాల వల్లే అన్నారు, కోచ్ ఉంచమన్నాడని కూడా అన్నారు. ఆ ఉత్తరం నా దగ్గర ఉంది. ఏది నిజమని నేను అడగను. మీకు నిద్ర పట్టడానికి ఏది కావాలో అది నమ్మండి.

ఒక్క మాట రాసుంటే అన్నారు. రోజూ అదే అనుకుంటున్నాను. వంటింట్లో పైడితల్లి కూడా అదే అంటోంది, మీ కన్నా గట్టిగా. నేను రాయలేదు కాబట్టి నా కొడుకు వెళ్లాడు. నేను రాసుంటే నా కొడుకు ఉండేవాడు. కానీ అప్పుడు నిజంగా ఎవరో ఒక ఆంగ్ మ్యో ఉండి, అతనికి చీటీ వచ్చి ఉంటే, మీరు మిఠాయి పంచి ఉండేవారు. నేనూ మీతో సంతోషపడి ఉండేవాణ్ణేమో. అది తలుచుకుంటే మీ మీద కోపం కూడా సరిగ్గా రావడం లేదు, నా మీద అసహ్యం వేస్తోంది.

ప్యాడ్ల మాట నీ ఉత్తరం చూడకముందే వాడు చెప్పి వెళ్లాడు. మీకు నువ్వు అని రాశాను, అలవాటు. క్షమించండి. వాటిని నా కోసం దాచొద్దని, రాజబాబుకి ఇచ్చెయ్యమని అన్నాడు. ఎడమకాలి ప్యాడు వెనక పట్టీ పట్టు తప్పిందట. ఒంగినప్పుడు జారిపోతుందట. షూటవుట్‌లో రెండోసారి ఆలస్యమైంది అందుకేనట. నాతో కూడా అంతకు ముందు చెప్పలేదు. "ఆ గుంటడికి సెప్పించు నాన్నా, కుట్టించుకోపోతే ఆడికీ అలాగే అవుద్ది, జనం తిడతారు" అన్నాడు.

ఇది మీరే స్వయంగా అచ్చెన్న ఇంటికి వెళ్లి చెప్పండి. గుమ్మంలో ఆపితే గుమ్మంలోనే చెప్పండి. దీనికి జవాబు రాయకండి. ఇకమీదట దేనికీ రాయకండి, గోపీకృష్ణకి కూడా తేవద్దని చెప్పాను.

ఎవరు పంపారని ఆ అబ్బాయి అడుగుతాడు. అమర్ అని చెప్పండి.

సత్తిబాబు